బంగారు పామూ, బరువెక్కిన రెప్పలూ

క్లాసులో కునికిపాట్లు పడే పిల్లల్ని చూస్తే ఏ మాస్టరుకైనా కోపం వస్తుంది. తెలుగు మాస్టరుకు మరికాస్త ఎక్కువ వస్తుంది. లెక్కల క్లాసులో నిద్రపోతే లెక్కలు కష్టమని సరిపెట్టుకుంటారు. తెలుగు క్లాసులో నిద్రపోతే చెప్పేవాడికి చేతకాదంటారు. విజయవాడలో ఇరవై ఏళ్ళ బట్టీ ఈ ఉద్యోగం చేస్తున్నాను గనక ఈ విషయంలో నాకు కాస్త అనుభవమూ, కాస్త అహంకారమూ రెండూ ఉండేవి. ఆ రెండింటిలో ఒకటి పోయిన వైనం ఈ వారం మనవి చేస్తాను.

రెండేళ్ళ క్రిందట మా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. దివిసీమ పిల్ల. పొద్దున మొదటి పీరియడులో పద్యం చదవమంటే గంట కొట్టినట్టు చదివేది. అదే పిల్ల సాయంత్రం ఆఖరి పీరియడుకు వచ్చేసరికి రెప్పలు వాల్చుకుని, గడ్డం చేతిమీద ఆనించుకుని కూచునేది. రెండు మూడు సార్లు చూసీ చూడనట్టు ఊరుకున్నాను. నాలుగోసారి ఉండబట్టలేక, "రాత్రంతా ఫోను చూస్తూ కూచుంటే పగలు కళ్ళెలా తెరుచుకుంటాయమ్మా?" అన్నాను. క్లాసంతా నవ్వింది.

ఆ అమ్మాయి లేచి, "నిద్ర కాదు మాస్టారూ, రెప్పలే లేవడం లేదు" అంది. ఆ మాట ముక్కుతో అన్నట్టు వినిపించింది. పొద్దున విన్న కంఠం కాదది. నన్ను వెక్కిరిస్తోందేమో అనుకున్నాను. "చాల్లే, కూచో" అన్నాను. ఆ తరవాత ఆ అమ్మాయి కాలేజీకి రావడం మానేసింది.

పదిహేను రోజులకు వాళ్ళ నాన్న సెలవు చీటీ పట్టుకుని స్టాఫు రూముకు వచ్చాడు. వరి పండించే రైతు. కుర్చీ చూపిస్తే అంచుమీద కూచున్నాడు.

"మాస్టారండీ, అమ్మాయికి అన్నం నమలడం కూడా కష్టమైపోతోందండీ. పొద్దున బాగానే ఉంటది. పొద్దు వాలేసరికి రెప్పలు వాలిపోతాయి" అన్నాడు. కాసేపు ఊరుకుని, "మా తమ్ముణ్ణి కట్లపాము కరిచిన రాత్రి వాడి కళ్ళు కూడా అచ్చం ఇలాగే వాలిపోయాయండీ. తాగొచ్చాడనుకుని కేకలేశాను. తెల్లారేసరికి లేడు" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. ఆయన తమ్ముణ్ణి ఏమన్నాడో, ఇంచుమించు అదే మాట నేను ఆయన కూతుర్ని అన్నాను.

ఇంట్లో పెద్దవాళ్ళు అది సర్పదోషమేనని తేల్చారట. మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నారు, పుట్టలో పాలు పోసి వచ్చారు. ఆ పైన ఎవరో చెబితే నరాల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళారు. డాక్టరు ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి రెప్పమీద రెండు నిమిషాలు పెట్టి తీశాడట. రెప్ప లేచింది! తరవాత రక్తపరీక్ష చేయించి, జబ్బు పేరు మయస్తీనియా గ్రేవిస్ అని చెప్పాడు. తమ్ముడి సంగతి వినిపిస్తే ఆయన నవ్వకుండా, "మీ పోలిక తప్పేమీ కాదు. పాము విషం శరీరంలో ఎక్కడ దెబ్బ తీస్తుందో ఈ జబ్బూ అక్కడే దెబ్బ తీస్తుంది. అంతమాత్రాన పాముకూ దీనికీ సంబంధం లేదు" అన్నాడట.

ఆ మాట నన్ను వదలలేదు. తెలిసిన డాక్టర్లను అడిగి, పుస్తకాలు తిరగేసి, తెలిసినంతమటుకు ఇక్కడ రాస్తున్నాను. చదివేకొద్దీ ఈ కథలో మన తెలుగు మాట ఒకటి దాక్కుని ఉందని బయటపడింది. ఆ ముచ్చట చివరికి వస్తాను.

ముందు మన కాలవ గట్టుకు పోదాం. కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్ళకు లాకులంటే ఏమిటో, తూములంటే ఏమిటో చెప్పనక్కరలేదు. కాలవలో నీరున్నంత మాత్రాన పొలం తడవదు. లస్కరు వచ్చి తూము తలుపు ఎత్తాలి. మన ఒంట్లోనూ సరిగ్గా ఇదే ఏర్పాటు.

చెయ్యి ఎత్తాలని మనం అనుకుంటే ఆ ఆజ్ఞ మెదడునుంచి నరం వెంట విద్యుత్తు రూపంలో వస్తుంది. కాని నరం వెళ్ళి కండరాన్ని తాకదు. రెంటికీ మధ్య చిన్న సందు ఉంటుంది; మిల్లీమీటరులో ఇరవైవేలవ వంతు. ఆ సందును దాటడానికి నరం కొస ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనాన్ని వదులుతుంది. ఈ రసాయనమే మన లస్కరు. 1921లో ఆటో లోవీ అనే శాస్త్రజ్ఞుడు కప్ప గుండెల మీద ప్రయోగం చేసి, నరం ఇలా రసాయనం ద్వారా మాట్లాడుతుందని నిరూపించాడు. ఆ ప్రయోగం ఎలా చెయ్యాలో ఆయనకు కలలో తోచిందట. 1936లో హెన్రీ డేల్‌తో కలిపి ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చారు.

లస్కరు వచ్చి తలుపెత్తాలంటే అవతలి గట్టున తూము ఉండాలి గదా. ఆ తూమే ఈ వారం మన కథానాయకుడు. అది ఒక మాంసకృత్తు. మాంసకృత్తు అనగానే మనకు పప్పూ, గుడ్డూ గుర్తుకొస్తాయి గాని, ఒంట్లో పనిముట్లన్నీ చాలామటుకు మాంసకృత్తులే. ఈ తూము అయిదు ముక్కలు గుండ్రంగా నిలబడితే ఏర్పడిన గొట్టం. దీన్ని ఎసిటైల్‌కోలీన్ గ్రాహకం అంటారు. లస్కరు తాకగానే గొట్టం తెరుచుకుంటుంది, బయటి సోడియం లోపలికి దూకుతుంది, కండరం బిగుస్తుంది. ఆ వెంటనే మరొక మాంసకృత్తు వచ్చి లస్కరును విరగగొట్టి తూము మూయిస్తుంది. ఇదంతా రెప్పపాటులో వందో వంతు కాలంలో జరిగిపోతుంది. అసలు రెప్పపాటు జరిగేదే ఈ తూముల వల్ల!

ఇక పాము సంగతి. నాగుపాము విషంలోని ఒక పదార్థం తిన్నగా పోయి ఈ తూముకు మేకులా దిగబడుతుంది. లస్కరు వస్తాడు, తలుపు కదలదు. అందుకే మొట్టమొదట రెప్పలు వాలిపోతాయి, తరవాత మాట ముద్దయిపోతుంది, మింగుడుపడదు, ఆఖరుకు ఊపిరి తీసే కండరాలు ఆగిపోతాయి. మనిషికి తెలివి ఉంటుంది, కన్ను తెరవలేడు, పలకలేడు. చుట్టూ ఉన్నవాళ్ళు ప్రాణం పోయిందనుకుంటారు.

కట్లపాము తీరు మరీ దొంగతీరు. దాని విషంలో రెండు రకాలున్నాయి. ఒకటి నాగుపాము విషంలాగే తూమును బిగిస్తుంది. రెండోది ఇవతలి గట్టున లస్కర్లు ఉండే చోటునే, అంటే నరం కొసనే, పాడుచేస్తుంది. ఆ కొసలు మళ్ళీ మొలవడానికి రోజులూ, వారాలూ పడుతుంది. అందుచేత విషం విరుగుడు ఇంజక్షను తొందరగా పడాలి. ఆలస్యమైతే జరిగిన నష్టాన్ని అది పూడ్చలేదు. అయినా ఆశ వదులుకోనక్కరలేదు. కృత్రిమంగా ఊపిరి ఆడించే యంత్రం మీద ఉంచితే, నరాలు తేరుకున్నాక మనిషి లేచి కూచుంటాడు. ఈ సంగతి తెలియక ఎందరిని పాడె ఎక్కించామో ఆ దేవుడికే ఎరుక.

డెల్టాలో మరొక విషం కూడా ఉంది. పురుగుమందు. ఆర్గానోఫాస్ఫేటు జాతి మందులు లస్కరును విరగగొట్టే ఆ మాంసకృత్తునే పట్టుకుంటాయి. లస్కర్లు ఇంటికి పోరు, తూము మూతపడదు, పొలం మునిగిపోతుంది. కంటిపాప సూదిమొనంత అయిపోతుంది, నోట చొంగ, ఒళ్ళంతా చెమట, ఆపైన ఊపిరి కష్టం. పాముకాటు తూమును మూసి చంపితే ఇది తెరిచి చంపుతుంది. మూతికి గుడ్డయినా కట్టుకోకుండా గాలికి ఎదురుగా మందు కొట్టేవాళ్ళు ఈ ముక్క గుర్తుంచుకోవాలి.

మరి ఆ అమ్మాయి జబ్బేమిటి? పాము కరవలేదు, మందు తగలలేదు. ఆ ఒంట్లోని కావలివాళ్ళే పొరపాటు పడ్డారు. బయటి క్రిములను పట్టుకోవడానికి రక్తంలో యాంటీబాడీలనే కావలివాళ్ళుంటారు. వాళ్ళు సొంత ఊరి తూములనే దొంగలనుకుని పగలగొట్టేస్తున్నారు. పొద్దున విశ్రాంతి తరవాత లస్కర్లు దండిగా ఉంటారు గనక మిగిలిన తూములతోనే పని గడుస్తుంది. పని చేసేకొద్దీ లస్కర్లు తగ్గుతారు; అప్పుడు తూములు చాలవు. పొద్దు వాలేకొద్దీ రెప్పలూ వాలుతాయి. 1672 లోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు, చాలాసేపు మాట్లాడితే గొంతు పోయి, కాసేపు ఊరుకుంటే మళ్ళీ వచ్చే ఒక స్త్రీ సంగతి రాశాడు. అంటే మూడువందల యాభై ఏళ్ళ క్రిందటే ఆయన గమనించినదాన్ని నేను కళ్ళెదుట పెట్టుకుని కూడా గమనించలేదన్నమాట.

1934లో మేరీ వాకర్ అనే డాక్టరమ్మ లండను దగ్గర గ్రీనిచ్‌లోని ఒక ఆస్పత్రిలో పనిచేసేది. ఈ జబ్బు మనిషిని చూస్తే, బాణాలకు పూసే కురారే విషం తగిలినట్టే ఉందే అని ఆమెకు తోచింది. ఆ విషానికి విరుగుడుగా వాడే మందునే ఇచ్చి చూసింది. కాసేపట్లో వాలిన రెప్ప లేచింది. లస్కరును విరగగొట్టేవాణ్ణి కాస్త ఆపితే ఉన్న లస్కర్లే ఎక్కువసేపు నిలిచి, మిగిలిన తూములతో పని నడిపిస్తారన్నది కిటుకు. ఆ జాతి మందునే ఈనాటికీ మాత్రలుగా ఇస్తున్నారు. నాగుపాము కాటుకు కూడా విరుగుడు ఇంజక్షనుతో పాటు ఇదే జాతి మందు వాడతారు. నరం కొస పాడైన కట్లపాము కాటులో మాత్రం ఇది పెద్దగా పనిచెయ్యదు. నిలపడానికి లస్కర్లుంటే గదా!

ఇక్కడ మన తెలుగు మాట వస్తుంది.

ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1781లో విశాఖపట్నం వచ్చాడు. తరవాత ఈస్టిండియా కంపెనీ ఆయన్ను ప్రకృతి పరిశోధకుడిగా నియమించింది. ఏ పాము విషపుదో, ఏది కాదో జనానికి తెలిస్తే సగం చావులు తప్పుతాయని ఆయన పాముల్ని పట్టించి, బొమ్మలు వేయించి, 1796లో కోరమాండల్ తీరపు పాముల మీద పెద్ద గ్రంథం వేశాడు. ఆయన చేసిన మంచిపని ఏమంటే, స్థానికులు ఏ పేరు చెబితే ఆ పేరే రాసుకున్నాడు. రక్తపింజరకు 'కాటుక రేకుల పొడ' అని రాశాడు. ఎంత చక్కని పేరు! అంత అందమైన పేరును మనం మరిచిపోయి ఇంగ్లీషులో రస్సెల్ పాము అంటున్నాం. పసుపూ నలుపూ కట్లున్న పెద్ద కట్లపామును మనవాళ్ళు 'బంగారు పాము' అన్నారు. అదీ రాసుకున్నాడు. 1803లో దొదాఁ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఆ మాటను లాటిను వేషం కట్టించి, కట్లపాముల జాతికంతకూ 'బంగారస్' అని పేరు పెట్టాడు.

అక్కణ్ణుంచి నూట అరవై ఏళ్ళు ముందుకు రండి. 1963లో తైవానులో చాంగ్, లీ అనే ఇద్దరు పరిశోధకులు అక్కడి కట్లపాము విషాన్ని భాగాలుగా విడదీశారు. ఆ పాము నలుపూ తెలుపూ. ఒంటిమీద బంగారపు చాయ ఎక్కడా లేదు. అయినా జాతి పేరును బట్టి ఆ విషానికి 'బంగరోటాక్సిన్' అని పేరు వచ్చింది. అందులో ఆల్ఫా రకం ఒకసారి తూముకు అంటుకుందంటే ఇక ఊడదు. విషానికి ఇది దుర్గుణం. పరిశోధకుడికి మాత్రం ఇంతకన్న సుగుణం లేదు! కంటికి కనబడని తూమును పట్టుకోవడానికి కొక్కెం దొరికింది. 1970లో పారిస్‌లో షాంజ్యూ బృందం లీతో కలిసి, ఒంట్లో విద్యుత్తు పుట్టించే ఈలు చేపనుంచి ఈ తూమును ఆ కొక్కెంతోనే పట్టింది.

1973లో అమెరికాలో ప్యాట్రిక్, లిండ్‌స్ట్రమ్ అనే ఇద్దరు ఆ చేప తూములను కుందేళ్ళకు ఎక్కించారు. యాంటీబాడీలు తయారైతే పరిశోధనకు పనికివస్తాయని వాళ్ళ ఉద్దేశం. యాంటీబాడీలు తయారయ్యాయి. దాంతో కుందేళ్ళు మెడలు వాల్చేసి చతికిలపడ్డాయి! ఆ పాత మందు ఇస్తే లేచి కూచున్నాయి. అదే ఏడు మరికొందరు రోగుల కండరం ముక్కలు తీసి, ఆ బంగరోటాక్సిన్‌తోనే తూములను లెక్కపెడితే, ఉండవలసిన దానికన్న చాలా తక్కువ ఉన్నాయని తేలింది. ఈ జబ్బు ఎందుకు వస్తుందో అప్పటికి స్పష్టమయింది. ఆ అమ్మాయికి చేసిన రక్తపరీక్ష ఆ పరిశోధన పెట్టిన భిక్షే. ఒంటినిండా ఈ జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 85 మంది రక్తంలో ఆ యాంటీబాడీలు దొరుకుతాయి.

ముంగిస సంగతి కూడా చెప్పాలి. పాముతో పోట్లాడే ముందు ముంగిస ఏదో వేరు నమిలి వస్తుందని మా అమ్మమ్మ చెప్పేది. వేరూ లేదు, గీరూ లేదు. దాని తూము నిర్మాణమే కాస్త వేరుగా ఉండి, నాగుపాము మేకు అందులో దిగదు. 1992లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఈ గుట్టు విప్పారు.

మనకు మాత్రం అటువంటి తూములు లేవు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుతో సుమారు 12 లక్షల మంది పోయారని 2020లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అంటే ఏడాదికి 58 వేలు. ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళే. 2018 ఆగస్టులో దివిసీమలో పాముకాట్లు విపరీతమై జనం హడలిపోతే మోపిదేవిలో సర్పయాగం తలపెట్టారు. దేవుడికి మొక్కుకోవద్దని నేననను. ఆ రైతూ మొక్కాడు. కాని మొక్కు ఆస్పత్రికి పోతూ దారిలో మొక్కుకోవచ్చు. మొక్కు తీర్చుకుని ఆస్పత్రికి పోతామంటే విషం ఆగదు.

కాటును కోయకూడదు, నోటితో పీల్చకూడదు, తాడు బిగించి కట్టకూడదు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి, తిన్నగా ఆస్పత్రికి తీసుకుపోవాలి. కట్లపాము సాధారణంగా రాత్రిపూట, నేలమీద పడుకున్నవాళ్ళను కరుస్తుంది. నొప్పి ఉండదు, గాటు కనబడకపోవచ్చు. రాత్రి బాగా పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పి అనీ, రెప్పలు లేవడం లేదనీ అంటే, తాగాడనీ, బద్ధకమనీ అనుకోకండి. దోమతెర అంచులు పరుపు కిందికి దోపుకుని పడుకుంటే దోమతో పాటు పామూ లోపలికి రాదు.

ఇక ఆ అమ్మాయి. మూడు నెలలకు కాలేజీకి తిరిగి వచ్చింది. సంచీలో మాత్రలు, వేళ రాసుకున్న కాగితం. కొన్ని రకాల యాంటీబయాటిక్ మందులు ఈ జబ్బును ముదిరిస్తాయి గనక ఏ డాక్టరు దగ్గరికి పోయినా ముందు జబ్బు పేరు చెప్పాలని కాగితం మీద రాసి ఉంది. రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ గ్రంథిని తీసేస్తే చాలామందికి మేలు జరుగుతుందని 2016లో వెలువడిన ఒక పెద్ద పరిశీలనలో తేలింది. ఆ ఆపరేషను చేయించాలా, ఎప్పుడు చేయించాలా అని వాళ్ళింట్లో ఇంకా ఆలోచిస్తున్నారు. జబ్బు పూర్తిగా పోయిందని చెప్పలేను. అణిగి ఉంది. రాత్రి భోజనం మాత్రం పెందలాడే, మెత్తగా ఉన్నది తింటుంది.

తిరిగి వచ్చిన రోజున క్లాసందరి ముందూ, "అమ్మాయీ, ఆ రోజు నేనన్నది తప్పు" అన్నాను. క్లాసులో నవ్వినవాళ్ళందరి ముందే ఆ మాట చెప్పాలనిపించింది. ఆ పిల్ల తల వంచుకుని, "ఫరవాలేదు మాస్టారూ, అప్పుడు నాక్కూడా తెలీదుగా" అంది.

ఇప్పుడు పద్యపఠనం మొదటి పీరియడుకు మార్చాను. ఆఖరి పీరియడులో ఆ అమ్మాయి తల బల్లమీద ఆనించి వింటుంది. నాన్న మాత్రం నాగులచవితికి పుట్ట దగ్గరికి పోతూనే ఉన్నాడు. కూతురి జబ్బు పాము శాపం కాదని ఆయనకు ఇప్పుడు తెలుసు. "తమ్ముడి కోసం పోతానండీ" అన్నాడు.

మాస్టర్లకూ, తలిదండ్రులకూ నా మనవి ఇంతే. పొద్దున చురుగ్గా ఉండి సాయంత్రానికి రెప్పలు వాల్చే పిల్ల గాని పిల్లవాడు గాని మీ ఎదుట కూచుని ఉంటే, తిట్టేముందు ఒక్కమాట అడగండి. నిద్ర వస్తోందా, రెప్ప లేవడం లేదా అని.